పార్కిన్సన్స్ రోగుల భ్రాంతులకు వైద్యం చేసే నరాల క్లినిక్: మా అనుభవం

పార్కిన్సన్స్ వ్యాధి ముదిరేకొద్దీ, గదిలో లేని మనుషులు, పిల్లలు, జంతువులు కనిపించడం చాలామంది రోగుల్లో ఉంటుంది; అయినా ఆ సంగతి తమంతట తాము అడిగే వైద్యులు తక్కువ. మా నాన్నగారిని చూపించిన ఈ క్లినిక్‌లో మొదటి ప్రశ్నే అది. "పక్కన ఎవరో ఉన్నట్టు, ఏదో చటుక్కున దాటిపోయినట్టు అనిపిస్తుందా?" అని డాక్టరుగారు నెమ్మదిగా అడిగేసరికి, సోఫాలో వచ్చి కూర్చునే పిల్లల గురించి నాన్నగారు తొలిసారి నోరు విప్పారు.

వెంటనే కొత్త మందు రాయకుండా, భ్రాంతులకు మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా కారణం కావచ్చు కనుక ముందు అది ఉందేమో పరీక్ష చేయించి, ఆపై భ్రాంతులను పెంచగల పార్కిన్సన్స్ మందులైన ట్రైహెక్సీఫెనిడిల్‌ను, ప్రమిపెక్సోల్‌ను క్రమంగా తగ్గిస్తూ, ఈ వ్యాధికి ప్రధాన మందైన లెవోడోపాను కొనసాగించారు. వైద్యం ఈ వరుసలోనే సాగాలి. అప్పటికీ భ్రాంతులు తగ్గకపోతే వాటికి ఇచ్చే క్వెటయాపిన్ అనే మందును చిన్న మోతాదులో మొదలుపెడతామనీ, అలాంటిదే అయిన క్లోజపిన్ వాడితే, అది తెల్ల రక్తకణాలను తగ్గించగలదు కనుక వాటి పరీక్ష క్రమం తప్పకుండా చేయించాలనీ, భ్రాంతులకు వాడే మరో మందు హాలోపెరిడాల్ మాత్రం, ఈ వ్యాధిలో మెదడులో తగ్గిపోయే డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుని శరీరం బిగుసుకుపోవడాన్ని పెంచుతుంది కనుక దాన్ని వాడకూడదనీ కాగితం మీద రాసిచ్చారు. అత్యవసర విభాగానికి వెళ్లాల్సివస్తే ఆ కాగితం ఎంతో అవసరం.

రాత్రిపూట ఫోను ఎత్తేవారు లేకపోవడం పెద్ద లోపం, ఎందుకంటే ఈ లక్షణాలు మసక వెలుతురులో తరచుగా ఎక్కువవుతాయి. అది సరిదిద్దుకుంటారన్న ఆశతోనే, ఈ సమస్య ఉన్న కుటుంబాలకు ఈ క్లినిక్‌ను గట్టిగా సిఫారసు చేస్తున్నాను.