అంబాసిడర్ తలుపు సందులు: హింజి సర్దడమా, అంచు కట్టడమా?

నాసిరకం టింకరింగ్ జరిగిన పాత అంబాసిడర్‌లో తలుపు చుట్టూ సందు ఒకచోట వేలు దూరేంత, మరోచోట రంగు రాసుకుపోయేంత ఉంటే దిద్దడానికి రెండు దారులున్నాయి: హింజిలను (తలుపు బందులను) సర్దడం, లేదా తలుపు అంచునే వెల్డింగుతో పెంచి అరగదీయడం.

మొదటిది చవక, పైగా వెనక్కి తీసుకోగలిగిన పని. హింజి, తలుపును మోసే పిల్లర్ (నిలువు స్తంభం) ముఖానికి ఆనుకొని ఉన్నచోట కింది హింజి వెనుక ఒక మిల్లీమీటరు షిమ్ము (పలుచని రేకు ముక్క) పెడితే తలుపు వెనుక చివర అంతకు మించి పైకి లేస్తుంది. అయితే తెరిచిన తలుపును చేత్తో ఎత్తినప్పుడు హింజి దగ్గర ఊగిసలాట కనిపిస్తే పిన్ను అరిగినట్టే. దాన్ని మార్చకుండా షిమ్ములు పేర్చడం దండగ.

సందు అంతటా ఒకే దిశలో తేడాగా కాక వంకరటింకరగా ఉంటే హింజి ఏమీ చేయలేదు. అప్పుడు పాత పుట్టీని లోహం కనిపించేదాకా గీకి, అంచు వెంట సన్నని ఇనుప కడ్డీని చుక్కలు చుక్కలుగా, చల్లారనిస్తూ అతికించి, నాలుగైదు మిల్లీమీటర్ల సందు మిగిలేలా అరగదీయాలి. ఏకబిగిన వెల్డింగు చేస్తే రేకు మెలితిరుగుతుంది. అంచును పుట్టీతోనే కడతామనే మేస్త్రీ మాట నమ్మకండి, తలుపు దబదబా వేసేసరికి అది పెచ్చులూడుతుంది.

అంబాసిడర్‌కు విడి ఛాసీ లేదు, బరువంతా బాడీయే మోస్తుంది కనుక, సందు పైన బిగుసుకుని కింద తెరుచుకుంటే ముందు తుప్పుపట్టిన సిల్‌ను (తలుపు కింద గడపలా ఉండే భాగాన్ని) అనుమానించాలి. నా మటుకు, తలుపు చుట్టూ కొత్త రబ్బరు బిగించి, కదలని వెనుక ప్యానెల్‌కు వెనుక తలుపును, దానికి ముందు తలుపును హింజిలతో కుదిర్చాకే గ్రైండర్ పట్టిస్తాను.