టి. నగర్ ఆంధ్రా మెస్: వడ్డించేవాళ్లకి ఐదు స్టార్లు

పోయిన ఆదివారం అమ్మానాన్నలతో చెన్నై టి. నగర్‌లో బట్టలు కొనడం అయ్యాక, ఉస్మాన్ రోడ్డు వెనక సందులో ఉన్న ఆంధ్రా మెస్‌కి వెళ్లాం. ముందు తిండి సంగతి చెప్పేస్తా. అరిటాకు భోజనం 180 రూపాయలు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి చాలా బాగున్నాయి, బెండకాయ వేపుడు మెత్తబడిపోయింది, పెరుగు కాస్త పులిసింది. తిండికి నాలుగు స్టార్లు. మిగతాదంతా వడ్డించేవాళ్ల గురించే రాస్తున్నా, మూడేళ్లుగా ఇక్కడ తింటూ వాళ్ల గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు మరి.

మేం వెళ్లేసరికి ఒంటిగంటన్నర. ప్రతి కుర్చీ వెనకా ఇద్దరు ముగ్గురు కాచుకుని నిలబడ్డారు. వాళ్ల మధ్యలోంచే సర్వర్లు ఒక చేత్తో అన్నం బేసిన్, ఇంకో చేత్తో సాంబారు బకెట్ పట్టుకుని ఎవరి మీదా చుక్క పడకుండా తిరుగుతున్నారు. మా వరస చూసే ఆయనది ఉదయగిరి వైపు, యాభై దాటి ఉంటాయి, నేను బాబాయ్ అని పిలుస్తా. రెండోసారి అన్నం వేయబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. "షుగరా అన్నా? అయితే కూర ఇంకాస్త తినండి" అని బీరకాయ కూర వేసి వెళ్లాడు. అమ్మ వెల్లుల్లి తినదని మొదట్లో ఒక్కసారి చెప్పాం, అంతే. తర్వాత వచ్చిన కుర్రాడు రసం గరిటె ఎత్తగానే, పక్క వరసలో వడ్డిస్తున్న బాబాయ్ అక్కడి నుంచే "అమ్మకి వద్దు, దాంట్లో వెల్లుల్లుంది" అని ఆపాడు. అంత రద్దీలో గుర్తుపెట్టుకున్నాడంటే ఏం చెప్పాలి!

ఆ కుర్రాడిది ఒడిశా, వచ్చి ఎనిమిది నెలలట. అతనికి వచ్చిన తెలుగంతా అన్నం, పప్పు, నెయ్యి, ఇంకొంచెం, చాలా. ఆ ఐదు మాటలతోనే అందరికీ కడుపునిండా పెడుతున్నాడు.

బోర్డు మీద అన్‌లిమిటెడ్ అని రాసి ఉంటుంది కదా, ఆ మాట బరువంతా వీళ్ల నడుం మీదే పడుతుంది. ప్లేట్ మీల్స్ అయితే ఒకసారి తెచ్చి పెడితే అయిపోతుంది. ఆకు భోజనంలో పచ్చడి, కూర, వేపుడు, అన్నం, పప్పు, నెయ్యి, సాంబారు, మళ్లీ అన్నం, రసం, ఇంకోసారి అన్నం, పెరుగు... ఒక్క మనిషికే పదిసార్లు వంగాలి. పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా, మళ్లీ సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా ఇదే పనట. మీరెప్పుడు తింటారు బాబాయ్ అంటే, "నాలుగున్నరకి నాయనా, అప్పటికి వేపుడు మిగిల్తే అదృష్టం" అన్నాడు.

తమిళనాడులో 2021లో షాపుల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్లు కూర్చోడానికి వసతి పెట్టాలన్నారు. ఇక్కడ చేతులు కడుక్కునే చోట రెండు స్టూళ్లు వేశారు, అందుకు ఓనర్‌కి థాంక్స్. కానీ మధ్యాహ్నం పూట వాటి మీద ఎవరూ కూర్చోగా నేను చూడలేదు. ఇంకో ఇద్దర్ని పనిలో పెట్టుకుంటే తప్ప ఆ స్టూళ్ల వల్ల లాభం లేదండీ.

మా పక్క టేబుల్ ఆయన చిటికెలేసి పిలుస్తుంటే నాకైతే ఒళ్లు మండింది. అన్నా అని పిలిస్తే పలకరా?

ఇక టిప్పు. బిల్లులో 5 శాతం జీఎస్టీ కడుతున్నాం కదా అంటారు కొందరు, అది ప్రభుత్వానికి పోతుంది. సర్వీస్ ఛార్జ్ బలవంతంగా కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది. మంచిదే, ఈ మెస్‌లో అసలు వేయరు కూడా. అలాంటప్పుడు ఇచ్చేదేదో మనమే చేతికివ్వాలి. ఇదివరకు సోంపు ప్లేటులో చిల్లర తెచ్చేవాళ్లు, పదో ఇరవయ్యో అందులోనే వదిలేసేవాళ్లం. ఇప్పుడు కౌంటర్ దగ్గర ఫోన్‌తో స్కాన్ చేసి సరిగ్గా ఎంతైతే అంత కట్టి వచ్చేస్తున్నాం. దాంతో టిప్పులు సగం కూడా రావట్లేదని బాబాయ్ చెప్పాడు. నేనూ చాలాసార్లు అలాగే వచ్చేశాను, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది.

ఈసారి బాబాయ్‌కి యాభై, ఆ తమ్ముడికి ఇరవై ఇచ్చా. ఆకులు తీసి బల్ల తుడిచే అక్క ఒకామె ఉంది, ఆమె చేతిలో ఎవరూ ఏమీ పెట్టరు, మీరు వెళ్తే మర్చిపోకండి. ఆదివారమైతే పన్నెండున్నర లోపే వెళ్లండి, కాచుకోవాల్సిన పని ఉండదు, వాళ్లకీ కాస్త ఊపిరి ఆడుతుంది.