యుగోస్లావియా, చెకోస్లొవాకియా: రెండు విభజనలు

రెండూ సోషలిస్టు సమాఖ్యలే. చెకోస్లొవాకియా 1993 జనవరి 1న చుక్క రక్తం చిందకుండా రెండు దేశాలైంది. యుగోస్లావియా మాత్రం 1991 జూన్ 25న స్లొవేనియా, క్రొయేషియాల స్వాతంత్ర్య ప్రకటనతో యుద్ధంలోకి జారింది.

చెక్‌లు, స్లొవాక్‌ల మధ్య సరిహద్దు స్పష్టంగా ఉంది, దానిపై పెద్ద తగవు లేదు. 1992లో చెక్ ప్రధాని వాత్స్‌లావ్ క్లౌస్, స్లొవాక్ ప్రధాని వ్లాదిమీర్ మెచియార్ చర్చల్లోనే విభజన ఖాయం చేసుకున్నారు. సమాఖ్య ఆస్తులను జనాభాను బట్టి దాదాపు 2:1 నిష్పత్తిలో పంచుకున్నారు. అయితే ప్రజాభిప్రాయ సేకరణ జరపలేదు. విడిపోవడం చాలామందికి ఇష్టం లేదని సర్వేలు చెబుతున్నా నాయకులు పట్టించుకోలేదు. శాంతియుతమే కానీ ప్రజాస్వామికమని నేను అనలేను.

యుగోస్లావియాలో గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు అవతల మిగిలిపోతారు. 1991 జనాభా లెక్కల ప్రకారం సమాఖ్యలోని బోస్నియా రిపబ్లిక్‌లో ముస్లింలు సుమారు 44 శాతం, సెర్బులు 31, క్రొయాట్లు 17. పల్లెలూ పట్టణాలూ కలగలిసి ఉండేవి. పైగా సమాఖ్య సైన్యం సెర్బు నాయకత్వం పక్షాన నిలిచింది. బోస్నియా రాజధాని సరయేవో 1992 నుంచి 1996 దాకా ముట్టడిలో నలిగింది. 1995 జులైలో తూర్పు బోస్నియా పట్టణం స్రెబ్రెనిత్సాలో బోస్నియా సెర్బు బలగాలు 8,000 మందికి పైగా బోస్నియా ముస్లిం పురుషులను, బాలురను చంపేశాయి. దీన్ని ‘పాత పగలు’ అని కొట్టిపారేయడం అన్యాయం. సెర్బియా అధ్యక్షుడు మిలోషెవిచ్, క్రొయేషియా అధ్యక్షుడు తుజ్‌మన్ వంటి నాయకులు తీసుకున్న నిర్ణయాలకు పేర్లున్నాయి, తేదీలున్నాయి.