యాన్సిబుల్ ఓఎస్ గుర్తింపు: నమ్మొచ్చు, కానీ అసర్ట్ పెట్టుకుని

ఉబుంటు, ఆల్మా, రాకీ, అమెజాన్ లైనక్స్ లాంటి లైనక్స్ రకాలు (డిస్ట్రోలు) అన్నీ కలిసిన సర్వర్లను నేను యాన్సిబుల్‌తోనే, అంటే ఒకే చోటి నుంచి చాలా సర్వర్లను సెటప్ చేసే టూల్‌తోనే చూసుకుంటాను. ఏ మెషీన్‌లో ఏ ఓఎస్ ఉందో కనిపెట్టే సెటప్ మాడ్యూల్ గురించే ఈ రివ్యూ. ఐదుకు నాలుగు ఇస్తాను. సర్వర్‌లో ఏజెంట్ (ప్రత్యేక ప్రోగ్రామ్) అక్కర్లేదు, దూరం నుంచి లాగిన్ కావడానికి ఎస్ఎస్‌హెచ్, అవతల పైథాన్ ఉంటే చాలు. డిస్ట్రో పేరు, వెర్షన్, ఫ్యామిలీ (అది ఏ డిస్ట్రోల కుటుంబానిదో), ప్యాకేజ్ మేనేజర్ అన్నీ తెచ్చి చేతికిస్తుంది.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, పరిచయం లేని ఓఎస్ ఎదురైతే అది నోరు విప్పదు. సెంటాస్ 8 అనే డిస్ట్రోకి 2021 డిసెంబర్ 31తో సపోర్ట్ ముగిశాక చాలామంది ఆల్మాకో రాకీకో మారారు. పాత ప్లేబుక్కుల్లో (యాన్సిబుల్ చేయాల్సిన పనుల జాబితాల్లో) 'డిస్ట్రిబ్యూషన్ సెంటాస్ అయితే ఎన్జినెక్స్ వెబ్ సర్వర్ పెట్టు' లాంటి షరతు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆల్మా మీద అది రన్ చేసి చూడండి. లేత నీలం రంగులో 'స్కిప్పింగ్' అని ఒక లైన్ వచ్చి పైకి వెళ్లిపోతుంది. చివర వచ్చే లెక్కలో (రీక్యాప్‌లో) ఫెయిల్డ్ సున్నా. ఎర్ర అక్షరం ఒక్కటీ కనపడదు, సర్వర్‌లో ఎన్జినెక్స్ మాత్రం ఉండదు. ప్రొడక్షన్‌లో ఇంతకంటే టెన్షన్ పెట్టేది ఇంకోటి లేదు.

'ఓఎస్ ఫ్యామిలీ రెడ్‌హ్యాట్ అయితే' అని రాసుకోవడం నయం. అయితే ఆ ఫ్యామిలీని కూడా యాన్సిబుల్ తన కోడ్‌లో ఉన్న పట్టిక చూసే చెబుతుంది. పట్టికలో లేని డిస్ట్రో అయితే దాని పేరునే ఫ్యామిలీగా ఇచ్చేస్తుంది. ఆల్మా పుట్టకముందు వచ్చిన యాన్సిబుల్ వాడుతుంటే ఈ షరతు కూడా తప్పిపోతుంది. ఓఎస్ తన వివరాలు రాసుకునే ఓఎస్-రిలీజ్ ఫైల్‌లోని ఐడీ-లైక్ లైన్‌లో తన బంధువులెవరో ఆల్మా స్పష్టంగా చెప్పుకున్నా లాభం లేదు. యాన్సిబుల్ నడిపే కంట్రోల్ మెషీన్‌లో దాన్ని అప్‌డేట్ చేయడమే మొదటి మందు.

అది చేసినా, ప్రతి ప్లేబుక్‌లో మొదటి టాస్క్‌గా అసర్ట్ (షరతు నిజం కాకపోతే రన్‌ను ఆపేసే తనిఖీ) పెడతాను: ఫ్యామిలీ డెబియన్ గానీ రెడ్‌హ్యాట్ గానీ కాకపోతే అక్కడే ఆగిపోవాలి. సగం పని చేసి బాగుందని చెప్పడం కన్నా ఆగడమే మేలు.

ఓఎస్ మేజర్ వెర్షన్ (8, 9, 10 లాంటిది) అంకెగా కాదు, స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా వస్తుంది. నేరుగా పోలిస్తే 10 కన్నా 9 పెద్దదైపోతుంది కాబట్టి వెర్షన్లను సరిగ్గా పోల్చే యాన్సిబుల్ 'వెర్షన్' టెస్ట్ వాడండి. ఫ్యాక్ట్ క్యాషింగ్ (సేకరించిన వివరాలను దాచిపెట్టి మళ్లీ వాడటం) ఆన్ చేసుకున్నవాళ్లు సర్వర్‌ను 8 నుంచి 9కి అప్‌గ్రేడ్ చేశాక, తర్వాతి రన్ కమాండ్‌లో ఆ దాచినవాటిని తుడిచేసే ఫ్లష్-క్యాష్ ఆప్షన్ ఇవ్వండి. లేదంటే క్యాష్ గడువు తీరేదాకా అది 8 అనే చెప్పే అవకాశం ఉంది.