పాత లగ్జరీ ఎస్‌యూవీలో డ్రైవర్ సీటు: మూడేళ్ల వాడకం తరువాత

ఈ డీజిల్ ఎస్‌యూవీని నేను 2021లో కొన్నాను. అప్పటికి అది 82,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఏళ్ల తరబడి ఎండలో, వానలో తిరిగిన ఏ బండి సీటుకైనా ఇంచుమించు ఇదే గతి పడుతుంది. కొనే ముందు ఇరవై నిమిషాలు నడిపి చూసినప్పుడు తోలు సీటు, దాన్ని అన్ని వైపులకూ జరిపే మోటార్లు, నడుము దగ్గర గాలి నింపే ఏర్పాటు చూసి మురిసిపోయానే తప్ప, అసలు పరీక్ష మూడో గంటలో మొదలవుతుందని తోచలేదు. హైదరాబాదు నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 270 కిలోమీటర్లు. మొదటి ప్రయాణంలో సగం దూరమైన సూర్యాపేట చేరేసరికే ఎడమ నడుము పట్టేసింది. టీ తాగడానికి దిగితే నిటారుగా నిలబడడానికి రెండు నిమిషాలు పట్టింది. అంతకుముందు పదకొండేళ్లు నడిపిన చిన్న కారులో నాకు ఇటువంటి బాధ ఎన్నడూ లేదు.

అందరిలాగే నేనూ మొదట మెత్తదనం కొనుక్కున్నాను. జెల్ దిండు వేస్తే కూర్చునే ఎత్తు రెండు అంగుళాలు పెరిగి, తొడలు స్టీరింగ్‌కు తగలసాగాయి, పెడల్ మీద పాదం పడే కోణం మారిపోయింది, పైగా అరగంటలో అది పెనంలా వేడెక్కేది. పూసల చాప వేసవిలో చెమటకు నిజంగా మేలు చేస్తుంది, కాని దాని మీద ఒళ్లు జారుతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు తుంటి ఎముకల మీద నిలవవలసిన బెల్టు పొట్ట మీదికి వస్తే ఏమవుతుందో ఆలోచించి దాన్ని ఇంట్లో కుర్చీకి బదిలీ చేశాను. సీటు కవరు సంగతి ఇంకా ముఖ్యం. ఈ బండిలో పక్క ఎయిర్‌బ్యాగ్ సీటు అంచులోనే ఉంటుంది, అది బయటికి రావడానికి అక్కడి కుట్టు తెగిపోయేలా కుడతారు. దాని మీద మందపాటి కవరు తొడిగితే ఆ దారి మూసుకుపోవచ్చు. అందుకని నేను వేయించిన కవరును రెండో వారమే తీసేయించాను.

రోగం ఎక్కడుందో తెలిసింది ఒక ఫొటో వల్ల. నేను నడుపుతుండగా మా అబ్బాయి వెనక సీట్లోంచి తీసిన ఫొటోలో నా భుజాలు ఎడమకు ఒరిగి ఉన్నాయి. ఇంటికి వచ్చాక ఖాళీ సీటు మీద అరచేతితో నొక్కి చూశాను. తలుపు వైపున్న అంచు, అంటే ఎక్కి దిగే ప్రతిసారీ మనిషి బరువంతా మోసే కుడి అంచు, ఎడమ అంచులో సగం గట్టిదనం కూడా లేకుండా చచ్చుబడి ఉంది. కూర్చోగానే తుంటి కుడికి కుంగుతోంది, దాన్ని సరిచేసుకోవడానికి నాకు తెలియకుండానే మధ్యలోని ఆర్మ్‌రెస్ట్ మీదికి ఎడమ మోచేతితో వాలుతున్నాను. పాత యజమాని నాకంటే బాగా భారీ మనిషి. నేను మూడు నెలలుగా ఆయన చేసిన గుంటలో కూర్చుంటున్నాను.

2022 జనవరిలో విజయవాడ ఆటోనగర్‌లో కుషన్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్లాను. లారీ సీట్ల నుంచి ఖరీదైన కార్ల వరకు చూసిన చేతులవి. ఆయన వేసిన మొదటి ప్రశ్న, "కొత్త స్పాంజి పైన వేయమంటారా, కింద వేయమంటారా?" అని. బ్యాటరీ తీసి కొంతసేపు ఆగి, సీటు కింద ఎయిర్‌బ్యాగ్ తీగలను కలిపే పసుపు రంగు కనెక్టర్లు విప్పి, నాలుగు బోల్టులు తీసి సీటును బయట పెట్టారు. తిరగేసి చూస్తే స్ప్రింగు తీగలకూ స్పాంజికీ మధ్య ఉండవలసిన గుడ్డ చిరిగి, తీగలు అడుగు నుంచి స్పాంజిని కోసుకుంటూ లోపలికి దిగి ఉన్నాయి. పైన తోలు నిగనిగలాడుతుంటే అడుగున ఇదీ పరిస్థితి. ఆయన తీగలను సరిచేసి, వాటి మీద మందపాటి కాన్వాసు కట్టి, కుడి అంచులో చచ్చిన భాగాన్ని కోసి గట్టి స్పాంజి అతికించి, అసలు స్పాంజి కింద అర అంగుళం మందం గల మరో పొర పరిచారు. కింద ఎందుకంటే, కంపెనీ స్పాంజికి ఉన్న ఒంపు చెడకుండా ఉంటుంది, తోలు బిగుసుకోదు, తోలు కిందనే పరిచి ఉండే వేడి తీగల చాప నలగదు. విజయవాడ మే నెలలో సీటును వేడిచేసే మీట ఎవరికి కావాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు, కాని ఆ తీగలు నలిగితే ప్రమాదమని ఆయన దాన్ని జాగ్రత్తగా చూసుకున్నారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. సీటు బయట ఉండగా, బ్యాటరీ మళ్లీ తగిలించి, పాటలు పెట్టుకుందామని తాళం తిప్పాను. కనెక్టర్ ఊడి ఉందని బండి గుర్తించి ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగించింది. సీటు బిగించాక కూడా అది ఆరలేదు. స్కానర్ ఉన్న మెకానిక్‌ను పిలిచి ఆర్పించడానికి ఆరు వందలు అయ్యాయి.

నడుము దగ్గరి గాలి సంచి నింపిన అరగంటకు మెత్తబడిపోయేది. సంచి బాగానే ఉంది, గొట్టమే పగిలింది. చేపల తొట్టెకు వాడే సన్న గొట్టం ముక్కతో ఆయన అతికితే అది ఏడాదిన్నర నిలిచింది. తరువాత ఒకసారి మార్చాను.

సీటు బాగుపడ్డాక కూర్చునే తీరును మొదటి నుంచీ మళ్లీ సరిచూసుకున్నాను. వీపు పూర్తిగా ఆనించి చేయి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకు అందాలి, బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కొంత వంగే ఉండాలి, సీటు అంచుకూ మోకాలి వెనుకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, ఛాతీకీ స్టీరింగ్‌కూ మధ్య కనీసం పది అంగుళాలు ఉండాలి. ఈ కొలతలు కుదిరిన స్థితిని సీటు మెమరీ ఒకటో బటన్‌లో, మా శ్రీమతి స్థితిని రెండో బటన్‌లో భద్రపరిచాం. వెనక జేబులోని పర్సు డ్యాష్‌బోర్డు అరలోకి మారింది. ఖర్చు లేని ఈ మార్పు జెల్ దిండు కంటే ఎక్కువ పని చేసింది.

న్యాయంగా చెప్పాలంటే మేలంతా సీటుదే కాదు. అదే ఏడాది వేసవిలో, పంక్చరైనా నడిచే గట్టి గోడల రన్‌ఫ్లాట్ టైర్లు అరిగిపోతే, నాకు తెలిసిన వారి సలహా మీద మామూలు టైర్లు వేయించాను. రోడ్డు అతుకుల దగ్గర వెన్నుకు తగిలే దెబ్బ స్పష్టంగా తగ్గింది. అయితే ఈ బండిలో స్టెప్నీ లేదు కాబట్టి పంక్చర్ కిట్టు, గాలి పంపు ఇప్పుడు డిక్కీలో తప్పనిసరి.

కుషన్ పనికి 9,500 రూపాయలు అయ్యాయి. బండి ఇప్పుడు 1,36,000 కిలోమీటర్ల దగ్గర ఉంది. కింది పొర కుంగలేదు, కుడి అంచు తోలు మీద సన్నని ముడతలు మళ్లీ మొదలయ్యాయి. దిగేటప్పుడు అంచు మీదుగా జారకుండా ముందు కాళ్లు బయట పెట్టి లేవడం నేర్చుకున్నా, తొందరలో మరచిపోతూనే ఉంటాను. ఇప్పుడు సూర్యాపేటలో టీ కోసమే ఆగుతున్నాను. ఎడమ సీటుకు కూడా ఇదే పని చేయించమని మా శ్రీమతి అడుగుతున్నారు గాని, అందులో మనిషి కూర్చున్నదీ లేనిదీ ఎయిర్‌బ్యాగ్‌కు తెలిపే చాప ఉంటుందనీ, దాన్ని కదపడం తన పని కాదనీ ఆటోనగర్ పెద్దాయన మర్యాదగా తప్పుకున్నారు.