కూపన్ ఎక్స్‌టెన్షన్ వాడుతున్నారా? మీకు తెలియకుండానే క్రియేటర్ కమీషన్ దారి మళ్లవచ్చు

డబ్బు చెల్లించే పేజీకి చేరగానే ప్రత్యక్షమై, కూపన్లు వెతికిపెడతానని చెప్పే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాం) మీ దగ్గర ఉంటే, తదుపరి కొనుగోలుకు ముందు దయచేసి ఇది చదవండి.

నేను నమ్మే ఒక క్రియేటర్ మైక్రోఫోన్లను ఓపికగా పోల్చి చేసిన సమీక్ష చూసి, ఆయన వీడియో కింద ఇచ్చిన అఫిలియేట్ లింకు (దాని ద్వారా ఎవరైనా కొంటే ఆయనకు కమీషన్ వచ్చే లింకు) ద్వారానే అమ్మకందారు సైటుకు వెళ్లాను. చెల్లింపు పేజీలో ఎక్స్‌టెన్షన్ కూపన్లేవీ లేవని చెప్పి, 'సరే' అనే బటన్ చూపింది. దాన్ని నొక్కగానే పక్కన ఒక ట్యాబ్ తెరుచుకుని, అందులో ఏముందో చూసేలోపే మూసుకుపోయింది. అనుమానం వచ్చి ఆ సైటు కుకీలను (ఎవరి లింకుతో వచ్చామో వంటి వివరాలను బ్రౌజర్‌లో గుర్తుపెట్టే చిన్న ఫైళ్లను) పరిశీలిస్తే, అంతకుముందు క్రియేటర్ అఫిలియేట్ కోడ్ ఉన్నచోట ఎక్స్‌టెన్షన్ సంస్థ కోడ్ చేరి ఉంది. వీడియో వివరణలో ఉన్న తగ్గింపు కోడ్‌ను నేనే టైప్ చేస్తే ధర తగ్గింది. అంటే కూపన్ ఉన్నా లేదన్నారు, ఆపైన ఆయన కష్టఫలాన్నీ తమ ఖాతాలో వేసుకోజూశారు. ఇది నాకు చాలా బాధ కలిగించింది.

అఫిలియేట్ వ్యాపారంలో సాధారణంగా చివరి క్లిక్ ఎవరిదైతే కమీషన్ వారిదే. ఒక వస్తువు గురించి వారాల తరబడి పరీక్షించి చెప్పిన మనిషికన్నా, చెల్లింపుకు క్షణం ముందు కుకీ మార్చిన సాఫ్ట్‌వేర్‌కే ఈ పద్ధతిలో హక్కు దక్కుతుంది. అమెరికాలో న్యాయపోరాటానికి మూలం ఇదే. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్న హనీ అనే కూపన్ ఎక్స్‌టెన్షన్ తమ కమీషన్లను మళ్లిస్తోందని ఆరోపిస్తూ 2024 డిసెంబరులో కొందరు యూట్యూబ్ క్రియేటర్లు కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టులో క్లాస్ యాక్షన్ దావా (ఒకేరకంగా నష్టపోయిన అందరి తరఫున వేసే దావా) వేశారు. చివరి క్లిక్ పద్ధతితో సహా పరిశ్రమ నియమాలనే తాము పాటిస్తున్నామన్నది పేపాల్ సమాధానం. ఇలాంటి ఆరోపణలతోనే క్యాపిటల్ వన్ అనే బ్యాంకింగ్ సంస్థ షాపింగ్ ఎక్స్‌టెన్షన్‌పై వర్జీనియాలో మరో వ్యాజ్యం దాఖలైంది.

కుకీతో కమీషన్ కొట్టేయడం కొత్త విద్య కాదు. తన అఫిలియేట్లే (కమీషన్‌పై ప్రచారం చేసేవారే) వినియోగదారుల కంప్యూటర్లలో దొంగచాటుగా కుకీలు చొప్పించారని ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఈబే 2008లో దావా వేసింది. ఆ వ్యవహారంలో ఇద్దరికి 2014లో జైలుశిక్ష కూడా పడింది. నాడు నష్టపోయినది పెద్ద సంస్థ కాబట్టి దాన్ని మోసమన్నారు, నేడు నష్టపోయేది ఒంటరి క్రియేటర్ కాబట్టి పరిశ్రమ ఆచారమంటున్నారన్నది నా అభిప్రాయం.

వినియోగదారుకు తగ్గింపు వంటి ప్రయోజనమేదీ ఇవ్వకుండా ఎక్స్‌టెన్షన్లు అఫిలియేట్ కోడ్‌లు చొప్పించరాదని గూగుల్ 2025 మార్చిలో తన బ్రౌజర్ క్రోమ్ నియమాలను సవరించింది. అయినా నియమంపైనే భారం వేసి కూర్చోవద్దు. అవసరం లేని ఎక్స్‌టెన్షన్‌ను తొలగించండి. ఉంచుకోవాలనుకుంటే క్రోమ్ సెట్టింగ్స్‌లో దానికి అన్ని సైట్లకూ ఇచ్చిన అనుమతి తీసేసి, మీరు క్లిక్ చేసినప్పుడు మాత్రమే పనిచేసేలా మార్చండి. క్రియేటర్ లింకుతో వెళ్లినప్పుడు చెల్లింపు పూర్తయ్యేవరకు అటువంటి పెట్టెల్లో ఏ బటనూ నొక్కకండి. కూపన్ కోడ్ ఉంటే మీరే టైప్ చేయండి.

క్షణంలో తెరుచుకుని మూసుకునే ట్యాబ్ మీకూ కనిపిస్తే స్క్రీన్ రికార్డు చేసి, ఆర్డర్ తేదీతోపాటు సంబంధిత క్రియేటర్‌కు పంపండి. హనీ కేసులో 2025 నవంబరులో న్యాయమూర్తి క్రియేటర్ల ఫిర్యాదును కొట్టివేస్తూ, సవరించి మళ్లీ దాఖలు చేసుకునే అవకాశమిచ్చారు. తమకు జరిగిన నష్టాన్ని వారు తగినంతగా చూపలేకపోయారన్నది అందుకు కారణం. ఆ క్రియేటర్లకు కావలసిన సాక్ష్యం కొనుగోలుదారుల కంప్యూటర్లలోనే ఉంది.