తిరుపతిలో కొన్న కోరీ చేపలు
కోరీ క్యాట్‌ఫిష్ కోసం తిరుపతిలో మా ఇంటి దగ్గర అక్వేరియం షాపుకెళ్తే, అడుగున మురికంతా ఇవే తినేస్తాయి, రెండు చాలు అని చెప్పి అమ్మేశారు, అది తప్పు. దక్షిణ అమెరికా ఏటి చేపలివి, కనీసం ఆరు కలిసుంటేనే బెదరకుండా తిరుగుతాయి, మేత కూడా విడిగా వేయాలి. వాళ్లిచ్చిన పదునైన రాళ్ల మీద నెల తిరక్కుండానే ఒకదాని మీసాలు అరిగి మొండిగా అయిపోయాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంది. రాళ్లు తీసేసి సన్నటి ఇసుక పోసి, ఇంకో నాలుగు తెచ్చాను. ఇప్పుడవి ఇసుకలో మూతి దూర్చి వెతుక్కుంటూ మొప్పల్లోంచి ఇసుక వదులుతుంటే అలా చూస్తూ ఉండిపోతాను. మధ్యలో పైకి దూసుకొచ్చి గాలి మింగుతాయి, టెన్షన్ పడకండి, పేగుతో కూడా ఊపిరి తీసుకుంటాయి. చేపలు మాత్రం ఆరోగ్యమైనవే ఇచ్చారు, ధర పర్లేదు. మన ఎండలకి నీళ్లు 28 డిగ్రీలు దాటకుండా చూసుకోండి.